ఇండియన్ హెడ్ మసాజ్ మొదలుపెడదామనుకుంటున్నా: కోర్సు, ఇన్సూరెన్స్, నూనె గురించి సలహా కావాలి

రెడింగ్ చెల్లి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఒక సెలూన్‌లో గది అద్దెకు తీసుకుని ఫేషియల్స్, స్వీడిష్ మసాజ్ చేస్తుంటాను. రెండింటికీ లెవెల్ 3 సర్టిఫికెట్లు ఉన్నాయి. వచ్చే క్లయింట్లు నన్ను చూడగానే "ఇండియన్ హెడ్ మసాజ్ చేస్తారా?" అని అడుగుతున్నారు. తలంటు మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటే. మా అత్తయ్యకి నూనె పెడితే కూర్చున్న చోటే నిద్రపోతారు. దీనికి కూడా డబ్బు కట్టి కోర్సు చేయాలా? నూనె ఏది వాడాలి? ఎంత టైమ్ పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బర్మింగ్‌హామ్ అక్క:
చేయాలమ్మా. నీ చేతికి పని రాదని కాదు. ఇక్కడ ఇన్సూరెన్స్ ఒక్కో ట్రీట్‌మెంట్‌కి విడిగా చూస్తారు. స్వీడిష్ మసాజ్‌కి కవర్ ఉంది కదా అని తల మీద చెయ్యి వేస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ పాలసీ నీకు అక్కరకు రాకపోవచ్చు.

ముందు కోర్సుకి డబ్బు కట్టకు. ముందు నీ ఇన్సూరెన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టు. "ఫలానా సర్టిఫికెట్ ఉంటే ఇండియన్ హెడ్ మసాజ్ కవర్ చేస్తారా?" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకో. ఆన్‌లైన్‌లో వీడియోలు చూపించి సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవి బోలెడున్నాయి. వాటిని కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. వి.టి.సి.టి. లేదా ఐటెక్ అనే పరీక్ష బోర్డులు ఇచ్చే లెవెల్ 3 అయితే సాధారణంగా పేచీ ఉండదు. నీకు అనాటమీ ముందే అయిపోయింది కాబట్టి ఆ భాగం మళ్ళీ చేయక్కర్లేదేమో అడిగి చూడు, ఫీజులో తేడా వస్తుంది.

ఇంకో మాట. ఇక్కడ నేర్పేది మన తలంటు కాదు. 1970ల్లో ఇండియా నుంచి లండన్ వచ్చిన నరేంద్ర మెహతా అనే చూపులేని థెరపిస్టు, మన ఇళ్ళల్లో తలకి చేసే మర్దనకి భుజాలు, జబ్బలు, మెడ, ముఖం కూడా కలిపి ఒక పద్ధతిగా తయారుచేశారు. దాదాపు అదే ఇప్పుడు కోర్సుల్లో ఉంది. క్లయింట్ బట్టలతోనే, వీపు ఆనే భాగం పొట్టిగా ఉన్న కుర్చీలో కూర్చుంటారు. నూనె పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు.

రెడింగ్ చెల్లి:
థాంక్స్ అక్కా. తలకంటే భుజాలకే ఎక్కువ టైమ్ పోతుందా అయితే?

బర్మింగ్‌హామ్ అక్క:
నా దగ్గరైతే సగం టైమ్ అక్కడే. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళ భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. అవి దిగకుండా మాడు ఎంత పిసికినా ఏం లాభం?

ముందు వెనక నిలబడి రెండు చేతులూ భుజాల మీద ఊరికే ఆనించు. వాళ్ళ ఊపిరి నెమ్మదించేదాకా ఆగు. తర్వాత బొటనవేళ్ళతో వెన్నుపూసకి రెండు పక్కలా కండ మీద ఒత్తుకుంటూ రా, ఎముక మీద మాత్రం ఒత్తకు. తర్వాత అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో భుజాలు, ఆపైన జబ్బలు. మెడకి వచ్చినప్పుడు ఒక చెయ్యి నుదుటి కింద ఆసరాగా పెట్టి, రెండో చేత్తో వెనక కండ పట్టుకుని వదులు. ఇక తల దగ్గర కొత్తవాళ్ళు వేళ్ళని జుట్టు మీద జార్చేస్తారు. అలా చేస్తే జుట్టు చిక్కుపడుతుంది, కుదుళ్ళు లాగి నొప్పి పుడుతుంది. వేలికొసలు ఒకచోట ఆనించి, కింద చర్మమే ఎముక మీద కదిలేలా తిప్పాలి. కదల్లేదంటే ఆ మనిషికి అక్కడ బిగుసుకుపోయి ఉన్నట్టు, అక్కడ కాసేపు ఉండు. చివర్లో కణతలు, తేలిగ్గా.

మెనూలో 30 నిమిషాలు పెట్టు. కానీ మొదటిసారి వచ్చేవాళ్ళకి డైరీలో 45 రాసుకో, కన్సల్టేషన్ ఫారం ఉంటుంది కదా. ముఖం కూడా కలిపితే అసలు ట్రీట్‌మెంటే 45 పెట్టొచ్చు.

మాంచెస్టర్ ఫిజియో:
మెడ మాట వచ్చింది కాబట్టి నేనో మాట. మన ఊళ్ళో మంగలి షాపులో చివర్లో గడ్డం పట్టుకుని టక్కుమని మెడ తిప్పుతారు కదా, అది మాత్రం ఎవరు అడిగినా చేయకండి. "ఇండియాలో చేయించుకున్నా, బాగుంది, మీరూ చేయండి" అనే క్లయింట్లు తప్పకుండా వస్తారు. 2017లో ఢిల్లీ ప్రాంతంలో ఒకాయనకి అలా తిప్పించుకున్నాక డయాఫ్రమ్‌కి (ఊపిరి ఆడించే కండరానికి) వెళ్ళే నరాలు దెబ్బతిని ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. పేపర్లన్నిట్లో వచ్చింది.

షాంపూ బేసిన్ దగ్గర కూడా జాగ్రత్త. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళ ఆవిడకి పార్లర్‌లో తల వెనక్కి వంచి జుట్టు కడుగుతుండగా స్ట్రోక్ వచ్చింది. మెడ బేసిన్ అంచు మీద ఆని ఎక్కువసేపు వెనక్కి వంగితే మెదడుకి వెళ్ళే రక్తనాళం నొక్కుకుపోవచ్చు. ఇది అరుదే, కానీ వైద్యులకి కొత్త సంగతి కాదు. కాబట్టి మసాజ్ అయ్యాక బేసిన్ దగ్గర నూనె కడిగే ప్యాకేజీలు పెట్టకండి, నూనె తలతోనే ఇంటికి పంపించండి.

ఫారంలో తప్పకుండా అడగాల్సినవి: ఈమధ్య తలకి గానీ మెడకి గానీ దెబ్బ తగిలిందా, యాక్సిడెంట్ అయిందా, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, బీపీ అదుపులో ఉందా, మూర్ఛలు ఉన్నాయా, మెడ ఎముకల అరుగుదల ఉందా, గర్భవతా, క్యాన్సర్ చికిత్స నడుస్తోందా. వీటిలో ఏదున్నా డాక్టర్‌తో మాట్లాడి రమ్మనండి. జ్వరం, తలలో తామర, పేలు, పుండ్లు ఉంటే ఆ రోజు చేయొద్దు. మైగ్రేన్ మొదలైపోయి వచ్చినవాళ్ళకీ ఆ రోజు వద్దు. మసాజ్ మధ్యలో ఎవరికైనా ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మాట ముద్దగా రావడం, ఒక వస్తువు రెండుగా కనబడటం మొదలైతే ఆపేసి 999కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేయండి. మంచినీళ్ళు ఇచ్చి చూద్దాం అనుకోవద్దు.

లెస్టర్ నుంచి వదిన:
నూనె సంగతి నేను చెప్తా. కొబ్బరినూనె 24 డిగ్రీలు దిగితే పేరుకుంటుంది, ఈ దేశంలో దాదాపు ఏడాదంతా సీసాలో గడ్డే. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టుకోవాలి. బాదం నూనె జుట్టుకి హాయిగా ఉంటుంది కానీ నట్ అలర్జీ ఉన్నవాళ్ళకి పెట్టకూడదు. నువ్వులనూనె మనకి మామూలే గానీ, ఇక్కడ ఆహారంలో తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో నువ్వులూ ఒకటి. అందుకే "నట్స్ పడవా?" అని మాత్రమే అడిగి ఊరుకోకు, నువ్వుల పేరు విడిగా అడుగు. ఆవనూనె ఇక్కడ సీసా మీదే "పైపూతకు మాత్రమే" అని రాసి ఉంటుంది. అదీ కొందరి చర్మానికి మంట పెడుతుంది, నేను వాడను. ఆముదం జిడ్డు వదలదు, ఆఫీసుకి తిరిగి వెళ్ళేవాళ్ళు మళ్ళీ నీ మొహం చూడరు.

కొత్త క్లయింట్ అయితే ముందురోజే మోచేతి మడతలో ఒక చుక్క రాసి పంపి, 24 గంటలు ఆగు. ఇంటికి వెళ్ళి తలస్నానం చేసేటప్పుడు నీళ్ళు పోయకముందే నూనె తల మీద షాంపూ రుద్దుకోమను. ముందు నీళ్ళు పోస్తే జిడ్డు పోదు. ఇక్కడి ఆడవాళ్ళకి ఇది తెలీదు, చెబితే ఎంత సంతోషిస్తారో!

కొత్త సభ్యుడు:
మన చరకసంహితలోనే రోజూ తలకి నూనె పెడితే తలనొప్పి రాదు, జుట్టు రాలదు, నెరవదు అని ఉంది. ఆ మాటే బోర్డు మీద పెట్టండి చెల్లెమ్మా, క్యూ కడతారు.

బర్మింగ్‌హామ్ అక్క:
చరకసంహితలో అలా ఉన్నమాట నిజమేనండి, కానీ బోర్డు పెట్టేది ఈ అమ్మాయి. ఇక్కడ ప్రకటనల నియమాల ప్రకారం ఫలానా జబ్బు తగ్గిస్తాం అంటే గట్టి ఆధారం చూపించాలి. ఎవరైనా అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ వాళ్ళకి ఫిర్యాదు చేస్తే తలనొప్పి తనకే. "హాయిగా ఉంటుంది, టెన్షన్ తగ్గినట్టు అనిపిస్తుంది" అని రాస్తే చాలు. మైగ్రేన్, బట్టతల జోలికి వెళ్ళొద్దు. మన తలంటు గురించి రెండు వాక్యాలు నీ మాటల్లో రాయి, అది వేరే సెలూన్ రాయలేదు.

కోవెంట్రీ స్టూడెంట్:
అక్కా, నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నా. వీకెండ్స్‌లో ఇంటింటికీ వెళ్ళి చేయొచ్చా?

బర్మింగ్‌హామ్ అక్క:
వద్దు నాన్నా. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు, క్యాష్ తీసుకున్నా అదే లెక్క. సెలూన్‌లో ఉద్యోగిగా చేరితే వీసాలో రాసిన గంటల లోపల చేసుకోవచ్చు.

రెడింగ్ చెల్లి:
అందరికీ చాలా థాంక్స్. ఇన్సూరెన్స్ వాళ్ళకి మెయిల్ పెట్టాను. లండన్‌లో మా ఫ్రెండ్ సెలూన్‌లో కూడా వారానికోసారి చేద్దామనుకుంటున్నా, అక్కడ వేరే ఏమైనా కావాలా?

బర్మింగ్‌హామ్ అక్క:
లండన్‌లో చాలా బరోల్లో (ఒక్కో బరోకీ ఒక్కో కౌన్సిల్ ఉంటుంది) మసాజ్‌కి స్పెషల్ ట్రీట్‌మెంట్ లైసెన్స్ ఉంటుంది. ఆ సెలూన్ లైసెన్స్‌లో హెడ్ మసాజ్ ఉందా, నీ పేరు విడిగా నమోదు చేయాలా అని ఆ కౌన్సిల్‌నే అడుగు. ఒక్కో బరోది ఒక్కో పద్ధతి.

లెస్టర్ నుంచి వదిన:
టవళ్ళ సంగతి మర్చిపోయాం! నూనె టవళ్ళు మామూలు వాష్‌లో పూర్తిగా శుభ్రం కావు. వాటిని డ్రైయర్‌లో వేసి, వేడిగా ఉండగానే ముద్దగా కుప్ప వేస్తే వాటంతట అవే నిప్పంటుకోవచ్చు. పార్లర్లలో మంటలు ఇలా కూడా వస్తాయి. ఎక్కువ వేడినీళ్ళలో, జిడ్డు వదిలే సబ్బుతో ఉతికి, బయట ఆరేయి. డ్రైయర్ తప్పకపోతే చివర చల్లారే సైకిల్ పూర్తయ్యాకే తీసి విడివిడిగా పరిచి పెట్టు. సెలూన్ ఓనర్‌కి కూడా చెప్పు, వాళ్ళ డ్రైయరే కదా వాడేది.