నాన్న తీసిన ఫోటోల్లో నాన్న ఎక్కడ?

పాతపెట్టె:
నాన్న పోయి రెండేళ్లు దాటింది. ఇన్నాళ్లకి ధైర్యం చేసి ఆల్బమ్‌లు, కవర్లు అన్నీ ముందేసుకుని కూర్చున్నా. నాలుగొందలకి పైనే ఉన్నాయి, అమ్మ ఉంది నేనున్నా చెల్లి ఉంది ఆఖరికి కొత్త సైకిల్‌కి కూడా విడిగా నాలుగు ఫోటోలున్నాయి, నాన్నవి మాత్రం లెక్కపెడితే పదకొండే. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది మరి. ఆ పదకొండులోనూ సగం గుంపు ఫోటోలు, వెనక వరసలో ఎవరి భుజం చాటునో సగం మొహం. మీ ఇళ్లల్లో కూడా ఇంతేనా?

రీలు36:
ఇంతే. కాకపోతే ఒక పని చెయ్యండి, ఫోటోల్లో మొహాలు కాదు, కింద నేల చూడండి. అప్పట్లో కెమెరా పట్టిన ప్రతివాళ్లకీ ఒకటే సూత్రం, ఎండ మన వీపు మీద పడాలి అని, అందుకే పిల్లలందరం కళ్లు చికిలించుకుని ఏడుపు మొహాలతో ఉంటాం. పొద్దున్నో సాయంత్రమో తీస్తే తీసేవాళ్ల నీడ సాగి సాగి మన కాళ్ల దాకా వచ్చేస్తుంది. మా నాన్న నాకు అలా ఏడు ఫోటోల్లో దొరికాడు.

పాతపెట్టె:
ఇప్పుడే చూశా, మూడు దొరికాయి!! ఇన్నేళ్లు చూస్తూ కూడా చూడలేదు. ఒకదాంట్లో మాత్రం నీడ వింతగా ఉంది, తల వంచుకుని ఉన్నాడు, రెండు మోచేతులు బయటికి పొడుచుకొచ్చాయి, కెమెరా కంటి దగ్గర లేనే లేదు.

డార్క్‌రూమ్‌బాబాయ్:
అది పైనుంచి చూసే కెమెరా అండీ, బాక్స్ కెమెరా కావచ్చు, ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులుండే రకమూ కావచ్చు. పొట్ట దగ్గర పట్టుకుని పైనున్న అద్దంలోకి వంగి చూడాలి. 120 అనే రకం రీలు ఒకటి వేస్తే చదరం ఫోటోలైతే 12, పొడుగువి అయితే 8, అంతే వచ్చేవి. ఎనిమిదిలో ఒకటి తనకోసం వాడుకోవాలనిపించదు కదా ఇంటాయనకి. నెగెటివ్‌లు ఉంటే మాత్రం పారెయ్యకండి, ప్రింట్ వెయ్యకుండా వదిలేసినవి అందులో ఉంటాయి.

గళ్లచొక్కా:
బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో 35 ఎంఎం నెగెటివ్ ముక్కలు దొరికితే స్కాన్ చేశా. అంచున నంబర్లుంటాయి కదా, దాన్ని బట్టి ఏది ముందు ఏది తర్వాత అని తెలిసిపోతుంది. 14లో నేను బొమ్మతో నిలబడి ఉన్నా, 16లో కూడా నేనే, మధ్యలో 15 ఎప్పుడూ చూళ్లేదు. చూస్తే అది నాన్న, ఒంగుని నవ్వుతూ ఉన్నాడు, తల పైన కోసేసి ఉంది, ఫోకస్ లేదు, మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయింది. అంటే నా చేతికిచ్చాడన్నమాట కెమెరా, నేను తీశా. బాలేదని ప్రింట్ వేయించలేదు. ఇప్పుడు నా దగ్గరున్న వాటిల్లో అదే బెస్ట్.

కొత్తమెంబర్:
తాతయ్య ఫోటో ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది, ఆవిరి పడితే వస్తుందని ఎవరో అన్నారు. ట్రై చెయ్యనా? ఇంకో డౌటు, అప్పటివాళ్లు అంత బిగుసుకుని ఎందుకుండేవాళ్లు, ఫోటోకి ఎక్కువ టైమ్ పట్టేదా?

డార్క్‌రూమ్‌బాబాయ్:
వద్దు వద్దు! అసలు తడి తగిలే అది అంటుకుంది, ఫోటో పైపొర జెలటిన్, చెమ్మకి జిగురవుతుంది. లాగితే మొహం అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చెయ్యండి, 600 డీపీఐ పెట్టండి. సన్నటి స్కానర్లలో కొన్నిటికి అద్దం మందం దాటితే మసకొస్తుంది, అలా అయితే ఫోన్‌తో తియ్యండి, లైటు పక్కల నుంచి పడాలి, ఫోన్ వెనక నల్లగుడ్డ అడ్డం పెట్టుకుంటే మీ నీడ అద్దంలో కనపడదు.
రెండోది, 1839లో ఫోటో పుట్టిన కొత్తల్లో నిమిషాలు పట్టేది నిజమే, మన తాతల నాటికి సెకన్‌లో చిన్న వంతు చాలు. బిగుసుకోడం టైమ్ కోసం కాదు, మర్యాద కోసం.

రీలు36:
ఏఐ యాప్‌లో పెట్టి బాగుచేసుకునేవాళ్లు ఒరిజినల్ స్కాన్ విడిగా దాచుకోండి బాబూ. మా తమ్ముడు అలా చేయిస్తే కళ్లు తళతళా వచ్చాయి గానీ ఆ కళ్లు మా తాతవి కాదు, అది తోచింది గీసేస్తుంది. పాత కలర్ ఫోటో ఎర్రబడితే రంగు సరిచేసుకోడం వేరే సంగతి, అందులో ఒక రంగు మిగతావాటికంటే ముందు వెలిసిపోతుంది, అంతే.

ఎడమచెయ్యి:
నాదొక గొడవ. తాతయ్యది ఒకే ఒక్క ఫోటో ఉంది, కుర్చీలో కూర్చుని, వాచీ కుడిచేతికి. నాది ఎడమచేతి వాటం, చిన్నప్పుడు ఎవరు కసిరినా నాన్న ఆ ఫోటో చూపించి "దానికి వాళ్ల తాత వాటం వచ్చింది, వదిలెయ్యండి" అనేవాడు. నిన్న మేనత్తకి ఫోన్ చేస్తే "మా నాన్నది ఎడమచెయ్యేంటే, శుభ్రంగా కుడిచేత్తోనే రాసేవాడు" అంది. ఎవరిది నిజం?

డార్క్‌రూమ్‌బాబాయ్:
చొక్కా జేబు మనకి ఎటువైపు కనపడుతోంది?

ఎడమచెయ్యి:
ఎడమవైపు.

డార్క్‌రూమ్‌బాబాయ్:
మగాళ్ల చొక్కా జేబు వాళ్ల ఎడమ రొమ్ము మీదుంటుంది, అంటే ఫోటోలో మనకి కుడివైపు కనపడాలి. మీది నెగెటివ్ తిరగేసి ప్రింట్ వేశారు తల్లీ. మెరుపు లేని వైపు కాగితం వైపుకి ఉండాలి, పొరపాటున తిప్పితే కుడి ఎడమవుతుంది.

ఎడమచెయ్యి:
ఫోన్లో తిప్పి అత్తకి పంపా. "ఇదిగో, ఇప్పుడు మా నాన్నలా ఉన్నాడు" అంది. నాకేమో ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు, పాపిడి కూడా అటు మారిపోయింది. రాత్రంతా ఒకటే ఆలోచన, వాళ్ల నాన్న ఏ చేత్తో రాసేవాడో మా నాన్నకి తెలీకుండా ఉంటుందా?

పాతపెట్టె:
తెలిసే చెప్పుంటారు.

ఎడమచెయ్యి:
అత్తకి సరైనది ప్రింట్ తీయించి ఇస్తున్నా. మా గోడ మీద తప్పుదే ఉంటుంది.