గొట్టం నమూనాలో ‘ళ’ పలకడం లేదు, ఎవరైనా దారి చెప్పగలరా?

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఆపరేషన్‌లో మా పెదనాన్న స్వరపేటిక తీసేశారు. ఆయన చిత్తూరు యాస మళ్లీ వినిపించేలా కంప్యూటర్‌లో ఒక గొంతు తయారుచేయాలని రాత్రిళ్లు కూర్చుంటున్నాను.

నోటి దారిని గొట్టంలా భావించి మాటలు పుట్టించే పద్ధతిని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు కెల్లీ, లాక్‌బామ్ 1962లో చూపారు, దాన్నే తీసుకున్నాను. గొంతు నుంచి పెదవుల దాకా 17.5 సెంటీమీటర్ల గొట్టాన్ని 22 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక వైశాల్యం ఇచ్చాను. శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు లెక్కించే ధ్వని నమూనాలు, 44,100. అన్నీ సమానంగా ఉంచితే అనునాదాలు లెక్క ప్రకారమే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర వస్తున్నాయి. ఆ, ఈ, ఊ బాగానే పలుకుతోంది.

చిక్కంతా ‘ళ’ దగ్గరే. నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి తాకించినట్టు అక్కడి ముక్కలను ఇరుకు చేశాను. మూడో ఫార్మెంట్ (నోటి గొట్టపు మూడో అనునాదం) కిందికి దిగాలి కదా, దిగట్లేదు. ‘కళ్లు’ అంటే ‘కల్లు’ అని వినిపిస్తోంది. పెదనాన్న ‘నీళ్లు’ అనే తీరు ఇంకా నా చెవిలోనే ఉంది, అందుకే ఇది వదలలేకపోతున్నాను.

నాలుక మడిచినప్పుడు దాని కింద ఏర్పడే ఖాళీని లెక్కలోకి తీసుకోకపోవడమే తప్పని నా అనుమానం. ముందు ముక్కల వైశాల్యం పెంచితే సరిపోతుందా, లేక దాన్ని అసలు గొట్టం నుంచి చీలే పక్క కొమ్మలా విడిగా కలపాలా? ‘ణ’కి ముక్కు గొట్టం ఎలాగూ కలపాలి, అప్పుడు మూసుకున్న నోరే పక్క కొమ్మ అవుతుంది. ఇలాంటిది చేసినవాళ్లు ‘ళ’కి వాడిన వైశాల్యాలు చెప్పినా చాలు.