సమస్య: "నీట నూనెగోడ నిలిచి యుండె"

నిర్వాహకుడు (రాజమహేంద్రవరం): ఈ వారపు పాదం పైన ఉన్నది. నీటిలో నూనెతో గోడ కట్టడం వినడానికే విడ్డూరం, కాని మన ఒంట్లోని ప్రతి కణానికీ హద్దుగా ఉన్నది అటువంటి గోడే. కాబట్టి పూరణలు ఆ గోడను, అంటే కణత్వచాన్ని, దాటి పోరాదని మనవి. ఆవకాయ ఊట మీద గత నెలలో వచ్చినవే చాలును.

వసిష్ఠ (నరసాపురం):

తలలు నీటివైపు తోకలు లోపల
నిలువ రెండు పొరలు నేర్పుగాను
కణము జుట్టి తాను కదలుచు మెదలుచు
నీట నూనెగోడ నిలిచి యుండె

1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద పలుచగా పరచగా, అది ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెండింతల మేర ఆక్రమించినదని చూసి, త్వచంలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉండాలని తేల్చారు. నా రెండో పాదం వారి చలవే. తలలంటే ఆ అణువులలో నీటిని కోరే కొసలు, తోకలంటే నీటికి దూరంగా ఒదిగే కొసలు.

ఆత్రేయ (ఆత్రేయపురం): మూడో పాదానికి చేతులెత్తి మొక్కాలి. "కదలుచు మెదలుచు" అని ఆ వెంటనే "నిలిచి యుండె" అనడంలోనే పూరణ సొగసంతా ఉన్నది. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ ఒకటిగా కలిపి, రెండింటి త్వచాలలోని మాంసకృత్తులకు వేర్వేరు రంగుల గుర్తులు పెట్టి చూస్తే, 37 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 40 నిమిషాలకే ఆ రంగులు కణమంతటా కలిసిపోయాయి. త్వచం ఒక ద్రవమనీ, మాంసకృత్తులు అందులో తేలియాడుతుంటాయనీ 1972లో సింగర్, నికొల్సన్ చెప్పిన మాటకు ఇంతకంటె పొందికైన పద్యరూపం నేను చూడలేదు.

గౌతమి (యానాం): మూడో పాదపు సొగసులో మునిగి మొదటి పాదాన్ని ఎవరూ చూసినట్లు లేదు. "తలలు" దగ్గర మొదలుపెట్టి "తోకలు" దగ్గర యతి వేశారు. హల్లు కలిసింది గాని అచ్చు కలవలేదు. వసిష్ఠగారి వంటి చేయి తిరిగినవారు "తలలు నీటివైపు తైలపుచ్ఛము లోన" అని ఉంటే భావమూ చెడేది కాదు, యతీ నిలిచేది.

వసిష్ఠ: గౌతమిగారి సవరణకు కృతజ్ఞుణ్ణి. గోర్టర్, గ్రెండెల్ కూడా కొవ్వును పూర్తిగా రాబట్టలేకపోయారు, కణాల ఉపరితలాన్నీ తక్కువగానే లెక్కగట్టారు. అయినా వారు తేల్చిన మాట నిలిచింది.

గౌతమి: వారి రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టివేసుకున్నాయి కనుక ఫలితం నిలిచింది. తమరి పద్యంలో తప్పు ఒక్కటే, దాన్ని కొట్టివేయడానికి రెండోది లేదు.

వసిష్ఠ: తప్పుల ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఎర్రకణాన్ని మంచినీటిలో వేస్తే ముడుచుకుపోయిందని పోయిన నెలలో పద్యం వ్రాసినవారు ఎవరు? మంచినీటిలో పడిన కణంలోకి నీరు చొరబడి అది ఉబ్బి పగులుతుంది, ముడుచుకునేది ఉప్పునీటిలో. ఆ పద్యంలో యతులన్నీ చక్కగా కుదిరాయి, పాపం, కణమొక్కటే తలక్రిందులైంది.

నిర్వాహకుడు: అయ్యా, ఆ పద్యం మీద అప్పుడే నలభై జాబులు నడిచాయి. ఇక్కడ మళ్లీ తవ్వవద్దు.

ఆత్రేయ: అయితే నీరు చొరబడే దారి మీదనే నా పూరణ.

నీటి కడ్డు గోడ నీటికే ద్వారమ్ము
మాంసకృత్తు చేసె మధ్య నొకటి
ఉదకమొకటె పోవు నుదజని తా నాగు
నీట నూనెగోడ నిలిచి యుండె

కొవ్వు పొరలోంచి నీరు కొద్దికొద్దిగా మాత్రమే జారగలదు. మూత్రపిండాల వంటి చోట్ల అది చాలదు. పీటర్ ఆగ్రే బృందం ఈ ద్వారపు మాంసకృత్తును కప్పగుడ్లలో తయారయ్యేటట్లు చేసి, ఆ గుడ్లను పలుచని ద్రావణంలో వేస్తే అవి గబగబా ఉబ్బి పగిలిపోయాయి. ఈ ద్వారం లేని గుడ్లు అదే ద్రావణంలో నిమ్మకు నీరెత్తినట్లు ఉన్నాయి. ఆ పరిశోధన 1992 నాటిది, నోబెల్ బహుమతి 2003లో వచ్చింది.

గౌతమి: ఉదకం, ఉదజని పక్కపక్కన పడటం చెవికి హాయిగా ఉన్నది. ఒక ద్వారంలోంచి సెకనుకు 300 కోట్ల నీటి అణువులు దూసుకుపోతున్నా, ఉదజని అయానుకు (విద్యుదావేశమున్న హైడ్రోజన్‌కు) మాత్రం ప్రవేశం లేదు. అది కూడా దాటగలిగితే త్వచానికి ఇరువైపులా కణం కూడబెట్టుకున్న విద్యుదావేశపు తేడా కారిపోతుంది. అంత సంగతి ఒక్క పాదంలో ఇమిడింది. ఈ పూరణకు నేను వంక పెట్టను, వసిష్ఠగారు గమనించగలరు.

భారద్వాజ (భీమవరం):

మూడు సోడియములు ముందుగా వెలిపుచ్చి
రెంటి లోని కీడ్చి రేయిబవలు
ప్రాణశక్తి నిచ్చి పంపు నడువగాను
నీట నూనెగోడ నిలిచి యుండె

ఈ పంపు కూడా త్వచంలోని ఒక మాంసకృత్తే. స్కౌ అనే శాస్త్రజ్ఞుడు 1957లో పీతల కాలి నరాలలో దీన్ని పట్టుకున్నాడు, 1997లో నోబెల్ అందుకున్నాడు. పీతలు మనకు కొత్త కాదు కాబట్టి ఈ పూరణ మన డెల్టాకే చెందాలి.

వసిష్ఠ: మూడు సోడియములు సరే, ఆ రెండు ఏమిటండీ?

భారద్వాజ: పొటాషియములు. ఆ మాట లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తుంది, ఈ గణాలలో ఎక్కడ పెట్టమంటారు?

గౌతమి: ముందు రెండు లఘువులు చేరిస్తే అదే కూర్చుంటుంది.

మరి పొటాషియములు మరల రెండు
లోని కీడ్చు పంపు లోపము లేకుండ

రొయ్యల చెరువుల మధ్య ఉండి పొటాషియాన్ని వదిలేస్తే ఎలాగండీ? బోరునీటి చెరువులో ఉప్పదనం తగ్గి పొటాషియం చాలకపోతే, రొయ్య మొప్పల కణాలలో ఉన్న ఈ పంపే కదా కుంటుపడేది? రైతు బస్తాలకు బస్తాలు పొటాష్ చల్లేది దాని కోసమే.

భారద్వాజ: నా పద్యంలోనే చల్లడం మరిచాను, మీరు చల్లారు. స్వీకరించాను.

వృద్ధగౌతమి (ముమ్మిడివరం): ఆలస్యంగా వచ్చాను. అందరూ గోడలో ఏమున్నదో చెప్పారు, అది నీట నిలవడానికి కారణం ఎవరూ చెప్పలేదు.

నీరు తరుమ నూనె నీడకై యొదుగుచు
తోక తోక చేరి తోడు నిలువ
పగయె పట్టుకొమ్మ బతుకున కయ్యెను
నీట నూనెగోడ నిలిచి యుండె

ఆత్రేయ: సమస్యలో అసంభవంగా కనిపించినదే ఇక్కడ కారణమైంది. నీటిలో ఉన్నా నిలిచిందని మేమంతా వ్రాశాము, నీటిలో ఉన్నది కనుకనే నిలిచిందని వీరు వ్రాశారు. నీరు తీసివేస్తే ఆ రెండు వరుసలూ ఉండవు.

వసిష్ఠ: భావం గొప్పదే, కాని నీటికి నూనె మీద పగ ఏమీ లేదు. నీటి అణువులకు తమలో తమకున్న ఉదజని బంధాల పొత్తు గట్టిది. మధ్యలో కొవ్వు తోక వస్తే ఆ పొందిక చెదిరి నీటి అణువులకు కదలే స్వేచ్ఛ తగ్గుతుంది కనుక, తోకలన్నీ ఒకచోటికి నెట్టబడతాయి. అందుచేత "పొత్తె పట్టుకొమ్మ పుట్టుక కయ్యెను" అంటే శాస్త్రానికి దగ్గరగా ఉంటుంది. యతి కూడా కుదిరింది, గౌతమిగారు చూసుకోవచ్చు.

గౌతమి: చూశాను, కుదిరింది. మొదటి పాదంలోనూ ఇంత శ్రద్ధ చూపవలసింది.

వృద్ధగౌతమి: వసిష్ఠగారి శాస్త్రాన్ని కాదనను. అయితే "పగ" పోయి "పొత్తు" వస్తే సమస్యలోని విరోధం కూడా పోతుంది, అప్పుడది వట్టి పాఠమవుతుంది. నా పాదాన్ని అలాగే ఉంచండి.

నిర్వాహకుడు: అలాగే ఉంచుతున్నాను. వసిష్ఠగారి పాఠాంతరాన్ని దాని కిందనే చేర్చాను, భారద్వాజగారి పద్యంలో పొటాషియం కూడా చేరింది. వసిష్ఠగారి మొదటి పాదం మాత్రం ఇంకా "తోకలు" దగ్గరే ఆగి ఉన్నది; వారు సవరించి పంపేదాకా సంకలనంలోకి తీసుకోలేను.