చేతులు దాచుకునే పిల్లలు: ఇది ఓర్పు లేకపోవడమేనా?

పాలమూరు టీచర్:
ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చెబుతాను. ఈ ఏడాది ముగ్గురు పిల్లలు తమను తాము గాయపరుచుకున్నారని తెలిసింది. ముగ్గురూ వాళ్ల ఇళ్లలో ఇంటర్ దాకా వచ్చిన మొదటివాళ్లే, ఇద్దరి అమ్మానాన్నలు ముంబయికి వలసపోయారు. స్టాఫ్ రూమ్‌లో ఎత్తితే "ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు" అని తేల్చేశారు. డబ్బున్న ఇళ్లలోనూ జరుగుతుంది, తెలుసు. అయినా ఇంటి పరిస్థితితో సంబంధమే లేదంటే నమ్మబుద్ధి కావట్లేదు.

సప్లీ బ్యాచ్:
సంబంధం లేకపోవడమేంటి మేడమ్! 2019 తెలంగాణ ఇంటర్ బ్యాచ్ నాది. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి సున్నా వేసిన ఏడాది, ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. నాకూ, నా ఫ్రెండ్‌కీ రెండేసి సబ్జెక్టులు పోయాయి. వాళ్ల నాన్న "మళ్లీ రాద్దువులేరా" అన్నాడు. మా నాన్న కూడా ఒక్క మాట అనలేదు, కానీ అక్క పెళ్లి అప్పు మీద నా ఫీజు అప్పు కూడా ఎక్కి కూర్చుందని నాకు తెలుసు కదా, వాడికి పోయింది ఒక ఏడాది, నాకు మాత్రం ఇల్లంతా నావల్లే మునిగిపోతున్నట్టు ఉండేది. రీవెరిఫికేషన్ ఉచితం అన్నారు, గొడవలయ్యాక. ఆ ఎండాకాలం నన్ను నిలబెట్టింది రోజూ వచ్చి కూర్చున్న మా బాబాయి.

వార్డు నర్సు:
పేదరికం ఒక్కటే కారణం కాదు. ఇంట్లో తాగుడు, గొడవలు, వేధింపులు, డిప్రెషన్ అన్నీ కలుస్తాయి, కాకపోతే లేనివాళ్లకి చెప్పుకునే చోటు కూడా తక్కువ. గాయం చేసుకునే పిల్లలందరూ చావాలనుకోరు, లోపలి బాధ తట్టుకోలేక చేసేవాళ్లు చాలామంది. అలాగని తేలిగ్గా తీసుకోకండి. పక్కకు పిలిచి కూర్చోబెట్టి, చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. పోలీసు కేసవుతుందని తల్లిదండ్రులు ఆసుపత్రికి రారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని శిక్షించకూడదని చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదకొస్తే 112.

స్కాలర్‌షిప్ స్టూడెంట్:
కులం మాట ఎవరూ ఎత్తలేదేం? మా క్లాసులో "స్కాలర్‌షిప్ వాళ్లు లేవండి" అనేవారు, నలభై మంది చూస్తుండగా లేచేవాళ్లం. రీయింబర్స్‌మెంట్ రాకపోతే సర్టిఫికెట్లు ఆపేవారు. విశాఖలో నీట్ చదువుతున్న అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, అందరి ముందు అవమానించొద్దని, వందమంది, ఆ పైన ఉంటే కౌన్సెలర్ ఉండాలని. మీ కాలేజీలో ఉన్నారా మేడమ్?

పాలమూరు టీచర్:
లేరు తమ్ముడూ. పైగా స్కాలర్‌షిప్ లిస్టు క్లాసులో పేర్లు పిలిచి చదివేది నేనే. రేపటి నుంచి ఆఫీసులో ఒక్కొక్కర్నీ పిలుస్తాను. ముగ్గురిలో ఒకమ్మాయి నాతో మాట్లాడుతుంది, ముందు తనతో కూర్చుంటా.