మోహన అనుకుని రాశాను, గామెలాన్‌తో కలవడం లేదు

స్వరపిపాసి:
జావా గామెలాన్ (కంచు వాయిద్యాల బృందం) రికార్డులు విని స్వరాలు రాసుకుంటున్నాను. అందులో స్లెండ్రో అనే స్వరక్రమంలో స్థాయికి ఐదు స్వరాలే కదా అని మోహన రాగంలా రాశాను. తీరా కలిపి పాడితే ఎక్కడా కుదరడం లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కంచుమోత:
నాకూ అయిందండీ. మోహనలో స్వరాల మధ్య దూరాలు సుమారుగా 200, 200, 300, 200, 300 సెంట్లు (ఒక స్థాయికి మొత్తం 1200 సెంట్లు). స్లెండ్రోలో ఐదూ దాదాపు సమానం, అంటే 240 దగ్గర. అదీ ఒక్కో గామెలాన్‌కు ఒక్కోలా ఉంటుంది, ఒకదాని మెట్లు తెచ్చి ఇంకోదానిలో పెట్టలేం. ఈ సెంట్ల లెక్కతోనే 1885లో ఇంగ్లండ్ పండితుడు అలెగ్జాండర్ ఎల్లిస్ రకరకాల దేశాల స్వరాలు కొలిచి, అందరికీ సహజమైన స్వరక్రమం ఒకటంటూ లేదని తేల్చాడు.

బాలి సంగీతం దగ్గర నేను ఇంకా పెద్ద పొరపాటు చేశాను. అక్కడ జంట వాయిద్యాలను కావాలనే కొద్ది తేడాతో శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగితే నాదం అలలా ఊగుతుంది, దాన్ని ఓంబాక్ అంటారు. అది తెలియక నా నోట్స్‌లో పేజీ పేజీకీ 'శ్రుతి తప్పింది' అని రాసుకున్నాను. తెలిశాక చాలా బాధేసింది.

లయకారి:
నాది తాళం గొడవ. ఘానాలోని ఎవె ప్రజల వాద్యబృందంలో గంకోగుయి అనే ఇనుప గంట ఉంటుంది. దాని మీద 12 మాత్రల్లో 7 దెబ్బలు. కాగితం మీద చూసి నేర్చుకుంటే ఎత్తుగడ ఎక్కడో ప్రతిసారీ తప్పేవాణ్ణి. నేర్పేవారు డప్పు పక్కన పెట్టించి అడుగులు వేయించారు. ఆ 12 మాత్రలకు నాలుగు అడుగులు. వారం తర్వాత గంట దానంతటదే అర్థమైంది.

కంచుమోత:
అవును, వాయిస్తేనే తెలుస్తుంది. అమెరికా సంగీత పరిశోధకుడు మాంటిల్ హుడ్ 1960లోనే ఈ మాట గట్టిగా వాదించాడు.

స్వరపిపాసి:
చాలా థ్యాంక్సండీ. మోహన పేజీలు తీసేశాను. ట్యూనర్ యాప్‌తో ఒక్కో స్వరం కొలుద్దామనుకుంటున్నా.

కంచుమోత:
కొట్టిన వెంటనే కొలవకండి. కంచు పలకల్లో ఉపస్వరాలు మూలస్వరానికి పూర్ణాంక గుణిజాలుగా ఉండవు, అంకె అటూ ఇటూ గెంతుతుంది. మొదటి మోత తగ్గాక చూడండి. స్వరాల మధ్య పడిన నాదాన్ని దగ్గరి స్వరానికి సర్దే యాప్ మాత్రం వద్దు, మళ్లీ మోహనే వస్తుంది.