‘రెబెకా’ సినిమాలో తుపాకీ తీసేశారు: చిన్న మార్పా, కథకే గండమా?

గోదారిగట్టు:
ముందే చెప్తున్నాను, కింద కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను. చదవని వాళ్లూ చూడని వాళ్లూ ఇక్కడే ఆగండి, తర్వాత తిట్టుకోవద్దు.

డాఫ్నె డు మారియర్ నవల ‘రెబెకా’ (1938) రెండోసారి చదివి, ఆ ఊపులోనే హిచ్‌కాక్ 1940లో తీసిన సినిమా పెట్టుకున్నాను. తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మాంటే కార్లోలో ఒక డబ్బున్నావిడకి జీతానికి తోడు ఉండే పిల్ల (పేరేంటో రచయిత్రి చివరిదాకా చెప్పదు) పెళ్లాం పోయిన మాక్సిమ్‌ని పెళ్లి చేసుకుని, మాండర్లీ అనే అతని పెద్ద బంగళాకి వస్తుంది. అక్కడ ఎటు చూసినా మొదటి భార్య రెబెకా గుర్తులే. ఇల్లు నడిపే మిసెస్ డాన్వర్స్‌కి ఆ పోయినావిడంటే దేవత. మొగుడు ఇంకా ఆవిడనే తలుచుకుంటున్నాడని ఈ పిల్ల లోపల్లోపల కుమిలిపోతూ ఉంటుంది. చివరికి మునిగిపోయిన పడవ దొరుకుతుంది, అందులో శవం ఉంటుంది, మాక్సిమ్ నోరు విప్పుతాడు.

నా గొడవ అక్కడే. పుస్తకంలో అతను రెబెకాని కాల్చి చంపాడు, పడవకి చిల్లులు పెట్టి ముంచేశాడు. సినిమాలో ఆవిడ వాదన మధ్యలో తడబడి పడిపోయింది, పడవ సామాను తలకి తగిలి పోయింది, ఇతను కంగారులో శవాన్ని దాచాడు. అంతే!

‘ఒక్క సంగతే కదా’ అంటారు. కానీ ఆ పుస్తకంలో నన్ను భయపెట్టింది మాక్సిమ్ చేసిన పని కన్నా ఆ పిల్ల చేసిన పని. మొగుడు నేనే చంపానని చెప్తుంటే ఆమె చెవికి ఎక్కేది ఒక్కటే, అతను రెబెకాని ఎప్పుడూ ప్రేమించలేదని. హత్య సంగతి విని ఆమె గుండె తేలికపడుతుంది, అన్ని పేజీలు ఆమె పక్కనే నడిచాం కాబట్టి మనకీ తేలికపడుతుంది, ఇక అక్కణ్ణించి హంతకుడు దొరక్కూడదని మనమే మొక్కుకుంటూ చదువుతాం. పుస్తకం మూశాక గానీ మనం ఎవరి పక్షాన నిలబడ్డామో తట్టదు. సినిమాలో ఆ ఇబ్బందే లేదు. చాలావరకు పుస్తకంలో ఉన్నట్టే తీసి ఇది మార్చడమంటే పులుసు అని పేరు పెట్టి చింతపండు వెయ్యకపోవడం లాంటిది.

పాతరీలు:
గోదారిగట్టు గారూ, ఆ రోజుల్లో హాలీవుడ్ ఎలా నడిచేదో కూడా చూడాలి కదా. 1930లో రాసుకున్న ప్రొడక్షన్ కోడ్‌ని (తెర మీద ఏం చూపించొచ్చో ఏం కూడదో చెప్పే రూల్సు) 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ ఆఫీసు గట్టిగా అమలు చేసింది. వాళ్ల ముద్ర లేకపోతే పెద్ద కంపెనీల థియేటర్లలో బొమ్మ పడదు, పైగా 25,000 డాలర్ల జరిమానా. భార్యని చంపినవాడు రెండో భార్య చెయ్యి పట్టుకుని హాయిగా వెళ్లిపోతే వాళ్లు ఒప్పుకోరు. అంటే మాక్సిమ్‌కి శిక్ష పడాలి, లేదా అతను చంపి ఉండకూడదు. రెండే దారులు.

ఇంకో విషయం. మీరు ఇప్పుడు అంటున్న మాటే నిర్మాత సెల్జ్‌నిక్ అప్పుడే అని మొత్తుకున్నాడు. పుస్తకాన్ని ముట్టుకోవద్దని పట్టుబట్టిందే ఆయన. హిచ్‌కాక్ తయారుచేయించిన మొదటి వెర్షన్‌లో పడవ మీద వాంతుల కామెడీ లాంటివి చూసి మండిపడ్డాడు. అలాంటి మనిషి, భార్యని చంపినవాడి కథ కాస్తా ప్రమాదంలో పోయిన భార్యని దాచినవాడి కథ అయిపోయిందని ఉత్తరం రాసుకుని ఏడ్చాడు. చేతులు కట్టేసి ఈదమంటే ఇంతకన్నా ఎవరు ఈదుతారు చెప్పండి. అయినా ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది.

గోదారిగట్టు:
తప్పు ఎవరిదని నేను అడగలేదండీ. బ్రీన్ ఆఫీసు వల్లే అయిందని నాకూ తెలుసు. కారణం తెలిసినంత మాత్రాన బొమ్మలో పడిన కన్నం పూడిపోదు కదా. ఇక ఆస్కార్ సంగతి వదిలేయండి, ఆ సినిమా తనది కాదన్నట్టు హిచ్‌కాక్ స్వయంగా ఫ్రెంచ్ డైరెక్టర్ త్రూఫోతో చెప్పాడు.

నిద్రమాత్ర:
ఇద్దరూ ఒక సీన్ మర్చిపోతున్నారు, నాకైతే సినిమా అంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు.

మాక్సిమ్ సముద్రం ఒడ్డున ఆ పాత గదిలో నిలబడి ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తాడు. ఇంకో డైరెక్టర్ అయితే వెంటనే ఫ్లాష్‌బ్యాక్ వేసి ఒక అందగత్తెని తెచ్చి నిలబెట్టేవాడు. హిచ్‌కాక్ వెయ్యలేదు. కెమెరా ఖాళీ గదిలో కదులుతుంది. ఆవిడ సోఫా మీంచి లేచిందంటే కెమెరా సోఫా మీంచి లేస్తుంది, నా వైపు నడిచిందంటే నడుస్తుంది. మనిషి లేదు, కదలిక మాత్రం ఉంది. సినిమా మొత్తంలో రెబెకా మొహం ఒక్కసారి కూడా కనపడదు, కానీ ఆ నిమిషంలో నాకు నిజంగా కనపడింది. పుస్తకంలో ఇదే చోట మాక్సిమ్ పేజీలకి పేజీలు మాట్లాడతాడు. బాగానే ఉంటుంది, కానీ మాటలే.

అసలు పాయింటు ఇప్పుడు చెప్తాను. కాలు తడబడి పడిందని మనకి ఎవరు చెప్పారు? మాక్సిమ్. చూసినవాళ్లు లేరు, ఫ్లాష్‌బ్యాక్ లేదు, గది ఖాళీ. నేను కొట్టి ఉంటానని కూడా తనే అంటాడు, ఆ తర్వాతే ఆవిడ నవ్వుతూ ముందుకొచ్చి పడిందంటాడు. భార్య శవాన్ని పడవలో పెట్టి ముంచి, ఇంకెవరి శవాన్నో చూపించి ఈవిడే నా భార్య అని చెప్పొచ్చినవాడి మాట మనమెందుకు నమ్మాలి? బ్రీన్ ఆఫీసు హత్యని తీసేయించింది, సరే. కానీ అనుమానాన్ని తీసేయలేకపోయింది. పుస్తకంలో మాక్సిమ్ హంతకుడు, నిజం చెప్పిన హంతకుడు. సినిమాలో బహుశా అబద్ధాలకోరు. నాకు రెండోవాడే ఎక్కువ భయం.

మూడోబెల్లు:
నాటకాల పిచ్చివాణ్ణి, ఒక మాట చెప్పి పోతాను. ఇదే కోడ్ ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ని కూడా కోసింది. టెనెసీ విలియమ్స్ 1947 నాటకం, స్టేజి మీదా తెర మీదా (1951) డైరెక్టర్ ఎలియా కజానే. నాటకంలో చెల్లెలు స్టెల్లా, తన అక్కని పాడుచేసిన మొగుడి దగ్గరే ఉండిపోతుంది, ఏడుస్తూనే అతని చేతుల్లో ఒదిగిపోతుంది, పక్కన పేకాట నడుస్తూనే ఉంటుంది. తెర మీద అలా వదిలేస్తే మొగుడికి శిక్ష పడనట్టే కదా, అందుకని బిడ్డనెత్తుకుని ఇక ఇతని దగ్గరికి రానంటూ పై వాటాకి ఎక్కేస్తుంది.

పై వాటాకే! అంతకుముందు తన్ని తగలేసిన రాత్రి కూడా ఈవిడ అక్కడికే ఎక్కింది, అతను కిందనుంచి అరిస్తే దిగొచ్చింది. సినిమా చివర్లో మళ్లీ అవే అరుపులు. కాబట్టి బ్రీన్ గారి ముగింపుని కజాన్ అలాగే తీసి చేతిలో పెట్టాడు, లోపల మాత్రం విలియమ్స్ ముగింపే ఉంచాడని నా అనుమానం. నిద్రమాత్ర గారు చెప్పేది నాకు అందుకే నచ్చింది. కాకపోతే అన్నీ ఇలా దాటిపోలేదు. అక్క బ్లాంచ్ భర్త ఎందుకు చచ్చిపోయాడో నాటకంలో స్పష్టంగా ఉంది, అతను ఇంకో మగాడితో ఉండగా ఈమె చూసింది. సినిమాలో అది ఎగిరిపోయి, ఏదో మెతక మనిషి అన్నట్టు మిగిలింది. అక్కడ మాత్రం బ్లాంచ్ పిచ్చికి మూలమే తెగిపోయింది.

ఇక పూర్తిగా నవ్వులపాలైన కేసు కావాలంటే ‘ది బ్యాడ్ సీడ్’ (1956). నవల్లోనూ నాటకంలోనూ హత్యలు చేసిన చిన్నపిల్ల బతికిపోతుంది, తల్లి పోతుంది. సినిమాలో కథ అడ్డం తిరిగింది: తల్లి బతికింది, పిల్ల మీద పిడుగు పడింది. అక్షరాలా పిడుగు.

పాతరీలు:
పిడుగు 😂 కోడ్ ఆఫీసు చివరికి ఇంద్రుణ్ణి కూడా పనిలో పెట్టుకుంది.

ఇంకో వైపు ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) ఉంది. జేమ్స్ ఎమ్. కేన్ కథలో ఆవిడ మొగుణ్ణి చంపిన ప్రేమికులిద్దరూ చివరికి ఓడ మీంచి దూకడానికి సిద్ధపడతారు, బిల్లీ వైల్డర్ వేరే ముగింపు తీశాడు, దానికి కేన్ నొచ్చుకోకపోగా ఇవి నాకే తట్టి ఉంటే బాగుండేదన్నాడు. రాసినాయనే అలా అన్నాక ద్రోహం ఎక్కడిది?

గోదారిగట్టు:
కేన్ సంగతి కేన్‌ది. నా సంగతికి వస్తే, కోడ్ వాళ్లు అడిగిన శిక్ష డు మారియర్ పుస్తకంలో ముందే ఉందండీ. మొదటి అధ్యాయాల్లోనే. ఇల్లు పోయింది, దేశం వదిలేశారు, మొగుడూ పెళ్లాం ఏవో హోటళ్లలో ఉంటూ ఇంగ్లీషు పేపర్లో క్రికెట్ స్కోర్లు చదువుకుంటూ రోజులు లెక్కపెడుతుంటారు. ఉరి కన్నా నీరసమైన శిక్ష అది. సినిమాలో ఆ హోటల్ బతుకు లేదు, తగలబడుతున్న మాండర్లీ మంటల ముందు కౌగిలింత ఉంది. హత్యనీ తీసేసి, శిక్షనీ తీసేశారు.

నిద్రమాత్ర గారూ, మీ ఖాళీ గది వాదన బాగుంది, కాదనను. కానీ 1940లో టికెట్ కొన్నవాడు హీరో మాట అబద్ధమేమో అనుకుంటాడా? మాక్సిమ్ వేషంలో లారెన్స్ ఒలీవియే చెప్తుంటే? పైగా ఆ పిల్లే వెంటనే, మీరు చంపలేదు కదా, అది ప్రమాదం అని తీర్పు ఇచ్చేస్తుంది. పుస్తకంలో ఆమె అలా అనడానికి వీల్లేదు. చంపాడని తెలిసే పక్కన నిలబడాలి.

నిద్రమాత్ర:
అందుకే 2020లో మళ్లీ తీసినప్పుడు తుపాకీని తిరిగి తెచ్చారు. చూశారా? హత్య ఉంది, రంగులున్నాయి, భయం లేదు. చంపాడని చెప్పించినంత మాత్రాన మీరన్న పులుపు రాలేదు.

ఆ పిల్ల తీర్పు గురించి అన్నారు కదా. మళ్లీ ఒకసారి చూడండి, అతను అడగకుండానే ఎంత తొందరగా అంటుందో. ఆమెకి అది ప్రమాదం అయి తీరాలి.

గోదారిగట్టు:
శనివారం చూస్తాను. ఒప్పుకున్నట్టు కాదు.