గోల్కొండ చప్పట్లు: మారుమోగుతాయా, ప్రతిధ్వనిస్తాయా?

మెహదీపట్నం బస్సు:
గోల్కొండ మీద చిన్న వీడియో చేస్తున్నా. "ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన పైనున్న బాలాహిస్సార్‌లో మారుమోగుతాయి" అని రాశాను. మా ఫ్రెండు అది కొట్టేసి "ప్రతిధ్వనిస్తాయి" అని పెట్టాడు. మారుమోగడమంటే పండగ మైకులాగా ఉంటుందట. ఇద్దరం పంతం పట్టి కూర్చున్నాం. మీరేమంటారు?

సైన్సు సారు:
రెండూ తప్పే. ప్రతిధ్వని అంటే ధ్వని దేనికో తగిలి వెనక్కి వచ్చి మళ్లీ విడిగా వినపడాలి. రెండు శబ్దాలు విడిగా తెలియాలంటే మధ్య 0.1 సెకను వ్యవధి కావాలి. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే, గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. గోల్కొండలో పైనున్నవాడికి చప్పట్లు చేరుతున్నాయి, అంతే. దానికి "వినిపిస్తాయి" చాలు.

పాత నిఘంటువు:
సారూ, మాట ముందు పుట్టిందా, మీ 0.1 సెకను ముందు పుట్టిందా? మారుమాట, మారుపలుకు అన్నప్పుడు "మారు" అంటే తిరిగి, బదులుగా అనే కదా. సంస్కృతంలో "ప్రతి" ఏ పని చేస్తుందో తెలుగులో "మారు" అదే చేస్తుంది. అంటే మారుమోగడమూ ప్రతిధ్వనించడమూ పుట్టుకలో ఒకటే.

డెస్కులో పదేళ్లు:
పుట్టుక ఒకటే అయినా కాపురాలు వేరయ్యాయండీ. "గుడిగంటలతో ఊరు మారుమోగింది" అని రాస్తాం. గంట మోత వెనక్కి వచ్చిందా అని ఎవరూ అడగరు. ఊరంతా నిండింది, అదీ అర్థం. మోగేది కూడా చోటే: హాలు మారుమోగింది, వీధి మారుమోగింది. ప్రతిధ్వనించేది మాత్రం ఎక్కువగా ధ్వనే.

పాత నిఘంటువు:
మరి "ఆయన పేరు మారుమోగిపోతోంది" అంటే? పేరు చోటా?

డెస్కులో పదేళ్లు:
సరే, అక్కడ దొరికిపోయాను. మా వాళ్లు "అసెంబ్లీలో ప్రతిధ్వనించిన రైతు సమస్యలు" అని కూడా హెడ్డింగు పెడతారు. అక్కడ తిరిగొచ్చే శబ్దమేమీ లేదు, గొడవ జరిగిందనే.

కడప పిల్ల:
మా ఊళ్లో దిగుడుబావి ఉండేది. వంగి "ఓయ్" అని అరిస్తే లోపలినుంచి కొంచెం బొంగురుగా "ఓయ్" అని వచ్చేది. మా జేజి "బావి మారు పలుకుతాంది, దూరం జరుగు" అనేది. ప్రతిధ్వని అన్న మాట నేను బడికి పోయాకే విన్నా. పలకడం వేరు, మోగడం వేరు అనిపిస్తుంది నాకు. పలికితే మాట తెలుస్తుంది, మోగితే శబ్దమే తెలుస్తుంది.

సైన్సు సారు:
ఈ అమ్మాయి చెప్పింది బాగుంది. సామాన్లు చేర్చని కొత్తింట్లో మాట్లాడితే గుయ్యిమంటుంది చూడండి, గోడలు దగ్గరగా ఉండి శబ్దాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పుస్తకంలో దాన్ని ప్రతినాదం అంటాం. పరుపులు, కర్టెన్లు వచ్చాక పోతుంది. నన్నడిగితే మారుమోగడమన్న మాట దానికివ్వాలి. అసలు ప్రతిధ్వని వినాలంటే బీజాపూర్ గోల్ గుంబజ్‌కి వెళ్లండి. పై వరండాలో ఒక్క చప్పట్టు కొడితే వరసగా తిరిగొస్తూనే ఉంటుంది. నేను ఐదు దాకా లెక్కపెట్టాను, ఈలోగా స్కూలు పిల్లల గుంపొకటి వచ్చి అరవడం మొదలుపెట్టింది.

డెస్కులో పదేళ్లు:
ఆ పిల్లలతో గుంబజ్ మారుమోగిందన్నమాట :)

మెహదీపట్నం బస్సు:
అందరికీ థాంక్స్. మొన్న ఆదివారం మళ్లీ వెళ్లి పైన నిలబడ్డా. సారు చెప్పిందే నిజం, వచ్చింది ఒక్కసారే, సన్నగా. అందుకే "పైన ఖంగున వినిపిస్తాయి" అని మార్చాను. ఇప్పుడు మావాడు, ఖంగుమనేది కంచు, చేతులు కాదు అంటున్నాడు.

పాత నిఘంటువు:
అతనితో ఈసారి నేనూ ఏకీభవిస్తా. దానికి వేరే చర్చ పెట్టండి.